బ్రిటిష్ కామెడీనా, అమెరికన్ కామెడీనా? మీకు ఏది నవ్వొస్తుందో ఇలా తేల్చుకోండి

"ఫ్రెండ్స్ అనే అమెరికా సీరియల్ నాలుగు ఎపిసోడ్లు చూశాను రా, నవ్వు రాలేదు. ఇంగ్లిష్ కామెడీ మనకి పడదు" అన్నాడు మా బావ. ఆర్కే బీచ్ గోడ మీద కూర్చుని మురీ మిక్చర్ తింటున్నాం అప్పుడు. నేను అక్కడికక్కడే వాదన పెట్టుకున్నాను, ఎందుకంటే ఇంగ్లిష్ కామెడీ అని ఒక ముద్ద ఎక్కడా లేదు. ఇంగ్లండ్ వాళ్ళు తీసే పద్ధతి ఒకటి, అమెరికా వాళ్ళు తీసే పద్ధతి ఇంకొకటి. వాటిలో మీకేది సరిపడుతుందో తెలియాలంటే కథల గురించి ఆలోచించడం కంటే, తెర మీద ఒక మనిషి పరువు పోతున్నప్పుడు మీరు ఏం చేస్తున్నారో గమనించుకోవడం మంచిది. నేను మా ఇంట్లో నలుగురి మీద ఈ పద్ధతి వాడాను, బాగా పని చేసింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదట ఒకే కథని రెండు దేశాలూ తీసినది పట్టుకోండి. దానికి 'ది ఆఫీస్' కంటే మంచిది నాకు తెలియదు. ఇంగ్లండ్‌ది 2001లో బీబీసీలో మొదలైంది. స్లౌ అనే ఊళ్ళో ఒక పేపర్ కంపెనీ, దానికి డేవిడ్ బ్రెంట్ అనే మేనేజర్. ఆ వేషం వేసిన రిక్కీ జెర్వేస్, అతని స్నేహితుడు స్టీఫెన్ మర్చంట్ ఇద్దరే కూర్చుని మొత్తం రాశారు, వాళ్ళే డైరెక్ట్ చేశారు. ఆరు ఎపిసోడ్ల చొప్పున రెండు సిరీస్‌లు (సీజన్‌ని వాళ్ళు అలా అంటారు), ఒక క్రిస్మస్ స్పెషల్ రెండు భాగాలు, అన్నీ కలిపి 14. అంతే, ఆపేశారు. అమెరికాది 2005లో మొదలై 2013 దాకా తొమ్మిది సీజన్లు, 201 ఎపిసోడ్లు నడిచింది. ఊరు స్క్రాంటన్, మేనేజర్ మైకేల్ స్కాట్, వేషం స్టీవ్ కరెల్‌ది. అమెరికా వాళ్ళ మొదటి ఎపిసోడ్ దాదాపు ఇంగ్లండ్ మొదటి ఎపిసోడే, సీన్లు కూడా అవే, కాబట్టి పోల్చి చూడటానికి ఇంతకంటే వీలైనది దొరకదు. ఒక సాయంత్రం ఒకటి, మర్నాడు రెండోది చూడండి. ఏ యాప్‌లో ఉందన్నది నెలనెలా మారుతుంటుంది, పేరు కొట్టి వెతుక్కోండి.

రెండింటిలోనూ ఒక సీన్ ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాడి ముందు గొప్పగా కనిపించాలని మేనేజర్ ఒక నాటకం ఆడతాడు. రిసెప్షనిస్టుని లోపలికి పిలిచి, ఆఫీసు సామాను దొంగతనం చేశావు, నీ ఉద్యోగం పోయింది అంటాడు. ఆ అమ్మాయి నమ్మేసి ఏడుస్తుంది. అప్పుడు వీడు, తమాషాకి అన్నాను, తమాషాకి అంటూ అక్కడే కూర్చుని ఉంటాడు, ఎవరికీ నవ్వు రాదు. ఆ అర నిమిషం మీరేం చేశారో గుర్తు పెట్టుకోండి. నవ్వారా, ఫోన్ చేతిలోకి తీసుకున్నారా, ముఖం తిప్పుకున్నారా, కోపం వచ్చిందా? మా బావ ఇంగ్లండ్‌ది చూస్తున్నప్పుడు ఆ సీన్ రాగానే లేచి మంచినీళ్ళ కోసం వంటగదిలోకి వెళ్ళిపోయాడు, పక్కనే నిండు గ్లాసు ఉంది. మర్నాడు అమెరికాది చూసినప్పుడు లేవలేదు. నేను మాత్రం ఇంగ్లండ్‌ది చూసినప్పుడే కళ్ళు తిప్పలేకపోయాను, నాకు నవ్వు కూడా అప్పుడే ఎక్కువ వచ్చింది. ఒకే సీన్, ఒకే సోఫా, ఇద్దరం పెరిగింది ఒకే వీధిలో. రుచి అంటే నేను చెప్పేది దీన్నే.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే చూడటం ఇంకా తేలికవుతుంది. బీబీసీ టీవీ లైసెన్సు ఫీజు మీద నడుస్తుంది, ఇంగ్లండ్‌లో టీవీ చూసే ప్రతి ఇల్లూ ఏడాదికింత అని కడుతుంది, ప్రకటనలు ఉండవు. అందుకని ఎపిసోడ్ దాదాపు అరగంట నిండా ఉంటుంది, ఒకరో ఇద్దరో రాసినది ఆరు ఎపిసోడ్లతో ముగుస్తుంది. అమెరికా నెట్‌వర్క్ టీవీలో అరగంటలో ప్రకటనలు పోను సుమారు 22 నిమిషాలు మిగులుతాయి, ఏడాదికి ఇరవై పైచిలుకు ఎపిసోడ్లు కావాలి, అన్ని రాయడానికి ఒక గదినిండా రచయితలు కూర్చుంటారు. పైగా వంద ఎపిసోడ్ల దగ్గరికి చేరితేనే వేరే చానళ్ళకి అమ్ముకుని ఏళ్ళ తరబడి డబ్బు చేసుకునే వీలుండేది. ఆరు వారాలుండి వెళ్ళిపోయే చుట్టం ఎంత విసిగించినా ఓర్చుకుంటాం. తొమ్మిదేళ్ళు ప్రతి వారం మనింటికొచ్చే మనిషి మాత్రం లోపల ఎక్కడో మంచివాడై ఉండాలి, లేకపోతే తలుపు తీయం. అమెరికా 'ఆఫీస్' మొదటి సీజన్ తర్వాత మైకేల్ స్కాట్‌ని మెత్తబరిచారు, మార్పు రెండో సీజన్ నుంచి స్పష్టంగా తెలుస్తుంది. అందుకే అమెరికాది చూసేవాళ్ళకి నా సలహా, మొదటి ఎపిసోడ్ పోలిక కోసం చూసి నేరుగా రెండో సీజన్‌కి వెళ్ళిపోండి. ఇంగ్లండ్‌ది మాత్రం ఒక్కటి కూడా వదలకుండా వరసగా చూడాలి, ఉన్నవే 14.

రెండో పరీక్ష ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. ఇంగ్లండ్ రెండో సిరీస్‌లో విరాళాల కోసం ఆఫీసులో అందరూ సరదా వేషాలు వేసే రోజు ఒకటి వస్తుంది. బ్రెంట్ పై అధికారి బాగా డ్యాన్స్ చేసి చప్పట్లు కొట్టించుకుంటాడు. బ్రెంట్‌కి అది కడుపుమంట. తనూ చేస్తానని మధ్యలోకి వచ్చి, పాట లేకుండా, నోటితోనే తాళం వేసుకుంటూ, చేతులూ మోకాళ్ళూ ఎటు పోతున్నాయో తెలియకుండా ఊగుతాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తూ నిలబడతారు. ఎవరూ అడ్డం పడి ఆపరు, ఎవరూ కాపాడరు. ఇప్పుడు అమెరికాది మూడో సీజన్లో 'బిజినెస్ స్కూల్' అనే ఎపిసోడ్ పెట్టండి. రిసెప్షనిస్టు పామ్ తను వేసిన బొమ్మలతో ఒక చిన్న ప్రదర్శన పెడుతుంది. ఆఫీసు వాళ్ళు దాదాపు ఎవరూ రారు, వచ్చినవాళ్ళ మాటలూ ఆమె మనసుకి ఆనవు. అన్నీ సర్దుకునే వేళకి మైకేల్ వస్తాడు. తమ ఆఫీసు బిల్డింగు బొమ్మ ముందు నిలబడి, అది నిజంగా బాగుందని, ఎంతకి ఇస్తావని అడుగుతాడు. ఆ అమ్మాయి అతన్ని పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. తర్వాత ఆ బొమ్మ ఆఫీసు గోడకెక్కుతుంది.

ఈ రెంటిలో మీకు ఏది గుర్తుండిపోయిందో అదే మీ జవాబు. డ్యాన్స్ గుర్తుంటే, మనిషిని ఉన్నదున్నట్టు చూపించి వదిలేసే కామెడీ మీది. బొమ్మ గుర్తుంటే, పడినవాడికి ఎవరో చెయ్యిచ్చే కామెడీ మీది. ఏదీ ఎక్కువా కాదు, తక్కువా కాదు. బ్రిటిష్ కామెడీ ఇష్టపడితే తెలివైనవాళ్ళమని, అమెరికన్‌ది ఇష్టపడితే తేలిక రకమని కొందరు మాట్లాడుతుంటారు, ఆ మాటతో నేను అస్సలు ఒప్పుకోను. పామ్ బొమ్మ సీన్ రాయడం ఏమంత తేలికో ఒక్కసారి రాయడానికి కూర్చుంటే తెలుస్తుంది.

నిజానికి బ్రెంట్ లాంటి మనిషి మనకేం కొత్త కాదు. మన ఉత్తరాంధ్ర వాళ్ళకి అసలే కాదు. విజయనగరంలో 1892లో 'కన్యాశుల్కం' ఆడిన నాటి నుంచీ గిరీశం మన మధ్యే తిరుగుతున్నాడు. నాలుగు ఇంగ్లిష్ ముక్కలు, బోలెడు గొప్పలు, చేతిలో పైసా ఉండదు, ఎదురుగా ఉన్న కుర్రాడు నోరు తెరుచుకుని వినాలి. బ్రెంట్‌ని చూస్తే ఎబ్బెట్టుగా ఉందనేవాళ్ళకి నేను ముందు గిరీశాన్ని గుర్తు చేస్తాను. అయితే ఒక తేడా ఉంది. గిరీశం మాటకారి, అవతలివాడు బుట్టలో పడతాడు. బ్రెంట్ మాటలకి ఒక్కడూ పడడు, పడటం లేదని అతనికి మాత్రం తెలియదు.

మా నాన్నగారి దగ్గర నేను మొదట తప్పు చేశాను. ఆయన ముప్పై ఏళ్ళు ప్రభుత్వ ఆఫీసులో చేసి రిటైర్ అయ్యారు, ఆఫీసు కామెడీ అంటే నచ్చుతుందనుకుని 'ది ఆఫీస్' పెట్టాను, పది నిమిషాలకి పేపర్ తీశారు. తర్వాత 'ఎస్ మినిస్టర్' పెట్టాను. 1980లో మొదలైన బీబీసీ సీరియల్ అది. జిమ్ హాకర్ అనే మంత్రి, అతను ఏ పని మొదలుపెట్టినా మర్యాదగా, పొడుగాటి వాక్యాలతో అడ్డుకునే సెక్రటరీ సర్ హంఫ్రీ. ఒక ఎపిసోడ్‌లో కొత్తగా కట్టిన ఆసుపత్రి ఒకటుంటుంది, అందులో అయిదొందల మంది సిబ్బంది, ఒక్క పేషెంటు కూడా లేడు. మంత్రి కంగారు పడిపోతే, సర్ హంఫ్రీ మాత్రం దేశంలో బాగా నడుస్తున్న ఆసుపత్రుల్లో అదొకటని వాదిస్తాడు. నాన్నగారు పేపర్ పక్కన పెట్టారు. శబ్దం లేకుండా భుజాలు కదిలేలా నవ్వుతూ, "ఆపు ఆపు, వెనక్కి పెట్టు, ఆ నోటింగ్ మళ్ళీ వింటాను" అన్నారు. ఆ సెక్రటరీ భాష ఆయన ముప్పై ఏళ్ళు ఫైళ్ళలో చదివిన భాషే, మన ఆఫీసులకి ఆ పద్ధతి నేర్పింది బ్రిటిష్ వాళ్ళే కదా. ఇదే సీరియల్‌ని హిందీలో 'జీ మంత్రీజీ' పేరుతో ఫారూఖ్ షేక్‌ని మంత్రిగా పెట్టి 2001లో తీశారు కూడా. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళకి చూపించేటప్పుడు వాళ్ళు జీవితంలో ఏం పని చేశారో దాని నుంచి మొదలుపెట్టండి, దేశం తర్వాత సంగతి.

అమ్మకి ఇంగ్లిష్ రాదు. 'మిస్టర్ బీన్' పెట్టాను, మాటలు దాదాపు ఉండవు, మొత్తం 15 ఎపిసోడ్లు. మొట్టమొదటి ఎపిసోడ్‌లోనే బీన్ బీచ్‌కి వెళ్తాడు. దగ్గర్లో ఒకాయన కూర్చుని ఉంటే, ఆయనకి కనబడకుండా ప్యాంటు విప్పకుండానే లోపల స్విమ్మింగ్ నిక్కరు వేసుకోవాలని నానా పాట్లూ పడతాడు. చివరికి చూస్తే ఆయన అంధుడు. అమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మర్నాడు ధైర్యం చేసి 'ఫాల్టీ టవర్స్' పెట్టాను. జాన్ క్లీజ్, కోనీ బూత్ కలిసి రాసినది, 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం 12 ఎపిసోడ్లు, నా లెక్కలో అంతకంటే బిగువుగా అల్లిన కామెడీ లేదు. అందులో హోటల్ ఓనరు బేసిల్ ఆగిపోయిన కారుకి వార్నింగ్ ఇచ్చి, ఒకటీ రెండూ మూడూ లెక్కపెట్టి, పరిగెత్తుకెళ్ళి చెట్టుకొమ్మ తెచ్చి కారుని బాదే సీన్‌కి అమ్మ కూడా నవ్వింది. కానీ అదే బేసిల్ తన సర్వర్ మాన్యుయెల్ నెత్తి మీద కొట్టగానే ఆపేయమంది. "పని చేసుకునేవాణ్ణి కొడితే నవ్వేంటి నాన్నా? హోటల్ కామెడీ కావాలంటే అమృతం పెట్టు" అంది. నేను వాదించలేదు. 2001లో జెమినీలో మొదలైన ఆ సీరియల్‌లో హోటల్ నడిపే స్నేహితులిద్దరూ ఎన్ని తిప్పలు పడ్డా ఒకరి మీద ఒకరికి ప్రేమ పోదు, అమ్మకి నవ్వు రావాలంటే ఆ భరోసా ఉండాలి. అది తెలిశాక ఆమెకి ఏం పెట్టాలో నాకు ఎప్పుడూ తడబాటు లేదు.

ఇక చూసే పద్ధతి గురించి నాలుగు ముక్కలు. సబ్‌టైటిల్స్ తప్పకుండా పెట్టండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఇంగ్లండ్ వాళ్ళు జోక్‌ని తరచూ వాక్యం చివర గొంతు తగ్గించి అనేస్తారు, మన ఫ్యాన్ చప్పుడులో అది ఎగిరిపోతుంది. స్పీడు పెంచి అస్సలు చూడకండి. ఎవరూ మాట్లాడని ఆ రెండు సెకన్లే చాలాసార్లు జోక్. రీల్స్‌లో ముక్కలు చూసి నిర్ణయించుకోవద్దు, ముందు పది నిమిషాలు వాడు ఎంత గొప్పలు చెప్పాడో తెలియకుండా చివర పడిపోవడం చూస్తే ఏం ఉంటుంది? నవ్వుల శబ్దం చిరాకు అనేవాళ్ళకి ఒక మాట, ఫ్రెండ్స్, ఫాల్టీ టవర్స్ రెండూ స్టూడియోలో జనాన్ని కూర్చోబెట్టి వాళ్ళ ముందు తీసినవే. నటులు ఆ నవ్వు ఆగేదాకా ఆగి మాట్లాడతారు, నాటకం చూస్తున్నట్టు చూడండి, సర్దుకుంటుంది. అప్పటికీ పడకపోతే 'ఆఫీస్' లాంటి నవ్వు శబ్దం లేనివి చూడండి. దేనికైనా మూడు ఎపిసోడ్లు ఇవ్వండి, మూడోదానికి కూడా పెదవి కదలకపోతే వదిలేయండి. పక్కవాళ్ళకి నవ్వు రాకపోతే అందులో జోక్ ఏంటంటే అని మాత్రం మొదలుపెట్టొద్దు. దానివల్ల ఇప్పటిదాకా ఎవరికీ నవ్వు రావడం నేను చూడలేదు.

దేశం పేరు చూసి కూడా పూర్తిగా నమ్మొద్దు. 1989 నుంచి 1998 దాకా నడిచిన 'సైన్‌ఫెల్డ్' అమెరికాదే, కానీ అందులో ఎవరూ మారరు, ఎవరూ కౌగిలించుకోరు. అటు ఇంగ్లండ్‌లో 2014లో వచ్చిన 'డిటెక్టరిస్ట్స్' ఉంది. పొలాల్లో మెటల్ డిటెక్టర్లు పట్టుకుని పాత నాణేల కోసం తిరిగే ఇద్దరు స్నేహితుల కథ, ఎంత మెత్తగా ఉంటుందంటే చూసిన రాత్రి నిద్ర బాగా పడుతుంది. దాన్ని రాసి, తీసి, నటించిన మెకెంజీ క్రూక్ ఎవరనుకున్నారు, ఇంగ్లండ్ 'ఆఫీస్'లో గారెత్ అనే ఉద్యోగి వేషం వేసినతనే. డ్యాన్స్ భరించలేని వాళ్ళకి ఇంగ్లండ్‌లోకి ఇది వేరే దారి.

మా బావకి కూడా ఆ దారే చూపించాను. రుషికొండలో నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పొద్దున్న ఇడ్లీ తింటూ ఒక్కో ఎపిసోడ్ చూశాడు, నచ్చింది. తర్వాత అమెరికా 'ఆఫీస్' మూడో సీజన్‌లోకి వెళ్ళాడు. మొన్న సెలవు రోజు రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేసి, పామ్ బొమ్మ ఎపిసోడ్ ఇప్పుడే అయ్యింది రా అన్నాడు. గొంతు కొంచెం బరువుగా ఉంది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే, "ఆ ఇంగ్లండ్ వాడి డ్యాన్స్ ఉంది చూడు, ఆదివారం వస్తాను, మళ్ళీ పెట్టు. ఈసారి లేవను" అన్నాడు.