థ్రస్ట్ రివర్సర్ డిజైన్: తాళాలతో మొదలుపెట్టండి

మా టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లకి థ్రస్ట్ రివర్సర్ (దిగాక విమానం వేగం తగ్గించడానికి ఇంజిన్ గాలిని ముందుకు తిప్పే ఏర్పాటు) పని ఇస్తే దాదాపు అందరూ ఒకేలా మొదలుపెడతారు. క్యాటియా (3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్) తెరుస్తారు, స్లీవ్ (ఇంజిన్ తొడుగులో జరిగే బయటి భాగం) వెనక్కి జరిగి బ్లాకర్ డోర్లు (ఫ్యాన్ గాలికి అడ్డం పడే తలుపులు) లేచే యానిమేషన్ చేసి చూపిస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతాను: ఇది గాల్లో ఉండగా ఎందుకు తెరుచుకోదో చెప్పండి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో నసెల్ (ఇంజిన్ చుట్టూ ఉండే తొడుగు) పనిలోకి కొత్తగా దిగుతున్న మెకానికల్ వాళ్ల కోసం, నేను పని నేర్పే వరసలోనే ఇది రాస్తున్నాను. తీసుకున్నది కాస్కేడ్ రకం, అంటే స్లీవ్ జరిగితే బయటపడే వంపు పలకల పెట్టెల గుండా గాలిని తిప్పేది. ఏ320 మీద సీఎఫ్ఎం56-5 ఇంజిన్లకి ఉండే నాలుగు పివటింగ్ డోర్ల పద్ధతి వేరే లెక్క, దాన్ని ఇక్కడ ముట్టుకోను.

రివర్సర్ వేసినా కోర్ (ఇంధనం మండే లోపలి భాగం) నుంచి వచ్చే వేడి గాలి ఎప్పటిలాగే వెనక్కే పోతుంది. ఫ్యాన్ గాలికి మాత్రమే డోర్లు అడ్డం పడి, దాన్ని కాస్కేడ్ల గుండా పక్కకి, ముందుకి తోస్తాయి. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

ఇక తాళాలు. 1991 మే 26న లౌడా ఎయిర్ 767 బ్యాంకాక్ నుంచి బయల్దేరి పైకి ఎక్కుతుండగా ఎడమ ఇంజిన్ రివర్సర్ తెరుచుకుంది. 223 మంది చనిపోయారు. రివర్సర్ గాల్లో తెరుచుకున్నా విమానాన్ని అదుపు చేయొచ్చని అంతకుముందు చూపించింది తక్కువ ఎత్తులో, తక్కువ వేగంలో. ఎక్కువ వేగంలో మాత్రం ముందుకు ఎగదన్నిన గాలి రెక్క మీది ప్రవాహాన్ని చెడగొట్టింది. ఆ తర్వాతే మూడో తాళం వచ్చింది. కాబట్టి మీ మొదటి స్కెచ్‌లో స్లీవ్‌ని పట్టి ఉంచే మూడు తాళాలూ కనబడాలి. మూడోదానికి కరెంటు వేరే చోటి నుంచి రావాలి, దాని వైర్లు మిగతా వాటితో ఒకే కట్టలో పోకూడదు. మిగతా రెండూ విఫలమైనా ఆ ఒక్కటే మొత్తం లోడు మోయగలదని లెక్క చూపించండి. విమానాన్ని కూల్చేసే స్థాయి వైఫల్యం గంట ప్రయాణానికి వంద కోట్లలో ఒక వంతు కన్నా అరుదుగా ఉండాలి. దీన్ని సేఫ్టీ టీమ్ చూసుకుంటుందిలే అని వదిలేయకండి. ఒకే బ్రాకెట్ విరిగితే రెండు తాళాలు పోతాయా అన్నది డ్రాయింగ్ గీసేవాళ్లకే ముందు కనబడుతుంది.

తర్వాత లోడు దారి. కాస్కేడ్ల మీద పడిన తోపు టార్క్ బాక్స్‌లోకి (కాస్కేడ్లని ముందు వైపు పట్టి ఉంచే ఫ్రేమ్), అక్కడి నుంచి వీ-గ్రూవ్ (రెండిటినీ కలిపే వీ ఆకారపు గాడి) ద్వారా ఫ్యాన్ కేసుకి, తర్వాత ఇంజిన్ మౌంట్ల మీదుగా పైలాన్‌కి (ఇంజిన్‌ని రెక్కకి కలిపే భాగం) పోవాలి. డోర్ల మీద లోడులో కొంత డ్రాగ్ లింకుల (డోరుని లాగి లేపే కడ్డీలు) ద్వారా డక్ట్ లోపలి గోడకి, మిగతాది స్లీవ్, యాక్చువేటర్ల మీదుగా టార్క్ బాక్స్‌కే చేరుతుంది. ఫినైట్ ఎలిమెంట్ మోడల్ జోలికి పోకముందు చేత్తో ఒక లెక్క చేయండి. ఫ్యాన్ డక్ట్‌లో బయటి గాలి కన్నా 0.4 బార్ ఎక్కువ ఒత్తిడి ఉందనుకుందాం. అంటే చదరపు మీటరుకి సుమారు 4 టన్నులు. డక్ట్‌ని రెండుగా చీల్చి విప్పేయాలని చూసే ఆ బలాన్ని పైన హింజ్‌లు, కింద లాచ్‌లు పట్టుకోవాలి. అంకె ఎంతో అప్పుడు అర్థమవుతుంది.

అసలు తలనొప్పి డోర్ల కదలిక. డోర్లు తొందరపడి లేస్తే డక్ట్ మూసుకుంటుంది, కాస్కేడ్లు ఇంకా పూర్తిగా బయటపడి ఉండవు. గాలికి దారి తగ్గితే ఫ్యాన్ వెనక ఒత్తిడి పెరిగి సర్జ్ (గాలి ప్రవాహం ఒక్కసారిగా వెనక్కి తన్నడం) వస్తుంది. అందుకే యానిమేషన్ కన్నా ముందు ఒక గ్రాఫ్ గీయమంటాను: అడ్డంగా స్లీవ్ జరిగిన దూరం, నిలువుగా గాలి పోవడానికి మొత్తం ఎంత దారి ఉంది అన్నది. నాజిల్ దారి, కాస్కేడ్ దారి, డోర్ల సందుల్లో లీకేజీ మూడూ కలపాలి. ఆ గీత ఎక్కడా రివర్సర్ మూసి ఉన్నప్పటి నాజిల్ దారి కన్నా కిందికి దిగకూడదు. దిగితే డ్రాగ్ లింక్ పొడవు, పివట్ చోటు మార్చి చూడండి. మొదటి భాగంలో డోరు నెమ్మదిగా, చివర్లో గబగబా లేచేలా చేయడమే ఇక్కడ పనితనం. ఇది ఒకటి రెండు సార్లలో తేలదు, టెన్షన్ పడకండి.

కాస్కేడ్ పెట్టెలన్నీ ఒకే కోణంలో పెడదామని ఖర్చు తగ్గించేవాళ్లు అంటారు. ఒప్పుకోకండి. కింది పెట్టె రన్‌వే మీది రాళ్లని లేపకూడదు, లోపలి వైపుది ఫ్యూజలాజ్‌ని కొట్టకూడదు, బయటికొచ్చిన గాలి మళ్లీ ఇన్‌లెట్‌లోకి రాకూడదు. అందుకే ఒక్కో చోట ఒక్కో కోణం. అవి ఒకదాని చోట ఒకటి పట్టకుండా బోల్టు రంధ్రాల వరస మార్చేయండి.

ట్రాకుల సంగతి పాత చెక్క బీరువా సొరుగుని చూస్తే తెలుస్తుంది: ఒక పక్కే లాగితే బిగుసుకుంటుంది. స్లీవ్‌ని లాగే యాక్చువేటర్లని ఫ్లెక్సిబుల్ షాఫ్ట్‌తో కలిపేది అందుకే. స్లైడర్ల మధ్య దూరం వీలైనంత ఎక్కువ ఇవ్వండి.

లోపలి గోడకి రెండు వైపుల నుంచీ కష్టమే. మామూలుగా ఫ్యాన్ గాలి దాన్ని కోర్ వైపు నొక్కుతుంది. బ్లీడ్ డక్ట్ (కోర్ నుంచి వేడి గాలిని తీసుకెళ్లే గొట్టం) పగిలితే ఒత్తిడి లోపలి నుంచి బయటికి తంతుంది, కాబట్టి ప్రెజర్ రిలీఫ్ డోర్ సైజు తేలాకే ప్యానెల్ మందం ఖాయం చేయండి. ఫైర్‌ప్రూఫ్ కావాల్సిన చోట 1,093 డిగ్రీల సెల్సియస్ మంటని 15 నిమిషాలు ఆపాలి. కార్బన్ ప్యానెల్‌కి అల్యూమినియం ఫిట్టింగ్ తగిలే చోట మధ్యలో గ్లాస్ ఫైబర్ పొర (ప్లై) వేయడం మర్చిపోతే తుప్పు ఖాయం.

ఫ్యాన్ కౌల్‌కి (ఫ్యాన్ కేసుని కప్పే తలుపులు) రెండు మాటలు చాలు. 2018 ఏప్రిల్ 17న సౌత్‌వెస్ట్ 737లో విరిగిన ఫ్యాన్ బ్లేడుని కేసు ఆపింది, కానీ ఆ దెబ్బకి కౌల్ ముక్కలై ఒక ముక్క కిటికీని తాకింది. ఒక ప్రయాణికురాలు చనిపోయారు. కాబట్టి కేసు ఉబ్బి కదిలే హద్దు కూడా గీసుకుని, ఫిట్టింగులు ఆ హద్దులో పడుతున్నాయేమో చూడండి. 2013 మే 24న హీత్రూలో ఏ319 రెండు ఇంజిన్ల కౌల్ తలుపులూ ఊడిపోయింది లాచ్‌లు వేయకపోవడం వల్ల. లాచ్‌లు అడుగున ఉంటాయి, మెకానిక్ వంగితే గాని కనబడవు. లాచ్ వేయని తలుపు మూసినట్టు కనబడకుండా, దూరం నుంచే తెలిసేంత సందు ఉండేలా డిజైన్ చేయండి.

చివరగా లాకౌట్ పిన్నులు. పాడైన రివర్సర్‌ని బిగించేసి విమానాన్ని నడపడం ఎయిర్‌లైన్లకి మామూలే. ఆ పిన్ను యాక్చువేటర్ పూర్తి బలంతో తోసినా తెగకూడదు. వాడనప్పుడు దాన్ని దాచుకునే చోటు టార్క్ బాక్స్ మీదే ఇవ్వండి. వేసినప్పుడు ఎర్ర తల బయటికి పొడుచుకొచ్చి, కింద నిలబడ్డ మనిషికి టార్చిలైటు లేకుండా కనబడాలి.