రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ: పరిహారానికి దరఖాస్తు ఎలా, కేసు తేలడానికి ఎన్నాళ్లు?

చెయ్యి విరిగితే ఎంత నష్టమో ఎక్స్‌రే చెప్పేస్తుంది. తల దెబ్బ సంగతి అలా కాదు. ఆసుపత్రి నుంచి నడుచుకుంటూ ఇంటికొచ్చిన మనిషి, ఆరు నెలలు పోయాక చిన్న లెక్క చెయ్యలేక తడబడొచ్చు, ఊరికే విసుక్కోవచ్చు, ఫిట్స్ మొదలవ్వొచ్చు. ఇటు చూస్తే చట్టం తొందరపెడుతుంది, అటు మెదడేమో ఆగమంటుంది. దరఖాస్తు త్వరగా వెయ్యాలి, లెక్క తేల్చుకోవడానికి మాత్రం తొందరపడకూడదు. ఈ కేసులన్నిటికీ కిటుకు ఇదే.

మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌లో (రోడ్డు ప్రమాదాల పరిహారం కేసులు విచారించే కోర్టులో) పిటిషన్ వెయ్యాలి. ఈ గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దీన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లున్నారు గానీ, ఆ కేసులను నమ్ముకుని మన పిటిషన్ ఆపుకోవడం తెలివైన పని కాదు. ఇంకో సంగతి: ట్రిబ్యునల్ ఇచ్చే వడ్డీ పిటిషన్ వేసిన తేదీకి ముందు నుంచి రాదు. ఆలస్యం చేసినన్నాళ్లూ ఆ వడ్డీ పోయినట్టే.

ప్రమాదం జరిగిన చోట గానీ, బాధితులు ఉండే చోట గానీ, ఎదుటి పక్షం ఉండే చోట గానీ వెయ్యొచ్చు. ఇంటికి దగ్గర్లోని ట్రిబ్యునలే మేలు, ఎందుకంటే వాయిదాలకు తిరగాల్సింది మీరే. ఎదుటి పక్షంగా వాహనం ఓనరును, ఇన్సూరెన్స్ కంపెనీని చేరుస్తారు. దెబ్బ తగిలిన మనిషి విషయం అర్థం చేసుకునే స్థితిలో లేకపోతే కుటుంబంలో ఒకరు ‘నెక్స్ట్ ఫ్రెండ్’గా అతని తరఫున పిటిషన్ నడపొచ్చు. వకీలు ఫీజు గురించి భయపడేవాళ్లు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, వికలాంగులకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు.

కాగితాల్లో ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, వూండ్ సర్టిఫికెట్ (గాయాల గురించి డాక్టరు రాసిచ్చేది), డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ రిపోర్టులు, బిల్లులు, ఆదాయం రుజువులు ఎలాగూ ఉంటాయి. వీటితోపాటు చాలామంది వదిలేసేది మొదటి రోజు క్యాజువాలిటీ షీటు. మనిషికి స్పృహ ఎంత ఉందో కొలిచే గ్లాస్గో కోమా స్కేలు మార్కు అందులోనే ఉంటుంది. 3 నుంచి 15 వరకు ఉండే ఈ కొలతలో 8, అంతకు తక్కువైతే తీవ్రమైన దెబ్బ. 13 నుంచి 15 ఉంటే ‘మైల్డ్’ అని రాస్తారు. ఆ మాట చూసి కంపెనీ వాళ్లు తేలిగ్గా తీసుకుంటారు, ఇంట్లోవాళ్లూ తీసుకుంటారు. సీటీ స్కాన్‌లో ఏమీ కనిపించకపోయినా జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతిన్న కేసులు ఉంటాయి. అందుకని ఇంట్లో ఎవరో ఒకరు తేదీలు వేసి ఒక నోటుబుక్కు రాయడం మొదలుపెట్టాలి: ఫిట్స్ ఎప్పుడొచ్చాయి, ఏం మర్చిపోయాడు, ఎవరు సెలవు పెట్టి కనిపెట్టుకుని ఉన్నారు.

పోలీసుల వైపు నుంచి కూడా కాగితాలు నడుస్తాయి. రూల్స్ ప్రకారం మొదటి రిపోర్టు 48 గంటల్లో, వివరమైన రిపోర్టు 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు చేరాలి. ఆ రిపోర్టునే పిటిషన్‌గా తీసుకునే వీలు చట్టంలో ఉంది. అయినా స్టేషన్‌కు వెళ్లి కాపీ తెచ్చుకోండి, అది చేరిందో లేదో చూసుకోండి.

తలకు దెబ్బ తగిలినవాళ్లు ఎక్కువ జాగ్రత్తపడాల్సింది ఇక్కడ. 164వ సెక్షన్ కింద తప్పు ఎవరిదో రుజువు చెయ్యక్కర్లేకుండా తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు వస్తాయి. కంపెనీ ఆ మొత్తం ఇస్తామన్నప్పుడు ఒప్పుకుని తీసుకుంటే 166 కింద మీ పిటిషన్ రద్దయిపోతుంది. ఆసుపత్రి బిల్లు నెత్తిమీద ఉన్నప్పుడు ఆ డబ్బు పెద్దదిగానే కనిపిస్తుంది, వకీలుతో మాట్లాడకుండా సంతకం పెట్టొద్దు. (వాహనం ఏదో తెలియని హిట్ అండ్ రన్ అయితే దారి వేరు. అందులో తీవ్ర గాయానికి వచ్చేది 50,000 మాత్రమే.)

ఇక అసలు కాలం పట్టేది సాక్ష్యం దగ్గర. మెదడు ఎంతవరకు కోలుకుంటుందో ఒక స్థితికి వచ్చాకే డాక్టరు నమ్మకంగా చెప్పగలరు. దానికి ఏడాది పట్టొచ్చు, రెండేళ్లూ పట్టొచ్చు. ఆ తర్వాత మెడికల్ బోర్డు వైకల్య శాతం రాస్తుంది, డాక్టరు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పాలి. శాతం ఒకటే సరిపోదు. శరీరానికి ఎంత వైకల్యం అనేది వేరు, సంపాదనకు ఎంత దెబ్బ అనేది వేరు అని సుప్రీంకోర్టు 2010లో స్పష్టం చేసింది. లెక్కలు రాసి బతికే మనిషికి 40 శాతం వైకల్యమే అయినా ఉద్యోగం మొత్తంగా పోవచ్చు. ఫిజియోథెరపీ, ఫిట్స్ మందులు, కనిపెట్టుకుని ఉండే మనిషి జీతం, అన్నీ ఇప్పుడే అడగాలి. తీర్పు వచ్చాక ఖర్చు పెరిగిందని మళ్లీ ఇదే ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి చట్టంలో దారి లేదు.

తొందరపడితే ఏం పోతుందో, ఓపిక పడితే ఎన్నేళ్లు పడుతుందో రెండూ తెలియాలంటే ఒక కేసు చూడండి. 2007లో పన్నెండేళ్ల పాప తలకు దెబ్బ తగిలి తొమ్మిది నెలల పసిబిడ్డ స్థితికి వెళ్లిపోయింది. ట్రిబ్యునల్ ఇచ్చింది పదకొండు లక్షల చిల్లర, హైకోర్టు దాన్ని పాతిక లక్షలు దాటించింది. సుప్రీంకోర్టు 62 లక్షలకు పైగా ఇచ్చింది, అందులో కనిపెట్టుకుని ఉండే మనుషుల ఖర్చే 21 లక్షల అరవై వేలు. ఆ తీర్పు వచ్చింది 2020 ఫిబ్రవరిలో.

అందరికీ అంత కాలం పట్టదు. వైకల్యం తేలాక లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అక్కడితో అయిపోతుంది, కానీ ఆ రాజీ మీద అప్పీలు ఉండదు. ట్రిబ్యునల్ తీర్పు ఇస్తే కంపెనీ 30 రోజుల్లో డబ్బు కట్టాలి. హైకోర్టుకు వెళ్లడానికి గడువు 90 రోజులు. కంపెనీ అప్పీలుకు వెళ్తే, తక్కువ వచ్చిందనుకుంటే మీరూ వెయ్యొచ్చు. డబ్బు వ్యవహారం చూసుకోలేని బాధితుడైతే చాలా భాగం బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా పెట్టిస్తారు. అవసరం వచ్చినప్పుడు అనుమతి అడుగుతూ ట్రిబ్యునల్‌లో ఇంకో పిటిషన్ వెయ్యాలి.