గీజర్ మార్చేముందు ఎర్త్ చూడండి

హనుమకొండలో ఇళ్ల వైరింగ్, గీజర్ పనులు చేస్తాను. నీళ్ల పైపుల సంగతి మా బావమరిది చూసుకుంటాడు. దీపావళి దాటి చలి మొదలైతే మాకు వచ్చే ఫోన్లలో చాలావరకు గీజర్ గురించే. అందరూ మొదట అడిగేది ఒకటే, "అన్నా, ఏ కంపెనీది తీసుకోమంటవు?" అని. కంపెనీ సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. మీ బాత్రూమ్‌కి నిజమైన ఎర్త్ (లీకైన కరెంటుని భూమిలోకి పంపే వైరు) ఉందా, ఆ సాకెట్‌కి వచ్చే వైరు ఎంత మందం, పైనుంచి నీళ్లు ఎంత ఒత్తిడితో వస్తున్నాయి, గోడ ఎంత బరువు మోస్తుంది, ఇవి ముందు తేలాలి. ఇవి సరిగా లేని ఇంట్లో ఎంత ఖరీదైన గీజర్ పెట్టినా ప్రమాదమే.

అసలు మార్చాలా?

పాత గీజర్ ఆగిపోగానే కొత్తది కొనక్కర్లేదు. నీళ్లు వేడెక్కకపోతే సాధారణంగా పోయింది ఎలిమెంటో (నీళ్లు కాచే కడ్డీ) థర్మోస్టాటో (సరిపడా వేడెక్కగానే ఆపేది) అయి ఉంటుంది. రెండూ మార్చుకోవచ్చు. వేడెక్కేటప్పుడు లోపల పటపటమని చప్పుడు వస్తుంటే ఎలిమెంట్ చుట్టూ గార కట్టినట్టు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇది మామూలే. ఫ్లాంజ్ (ఎలిమెంట్ బిగించిన మూత) విప్పి, గార గీకి, కొత్త గ్యాస్కెట్ వేసి బిగిస్తే మళ్లీ బాగా పనిచేస్తుంది. స్విచ్ వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పడిపోతుంటే ఎలిమెంట్ పైతొడుగు చిట్లి కరెంటు నీళ్లలోకి లీకవుతోందని అనుమానించాలి. ఎలిమెంట్ మార్చేదాకా ఆ గీజర్ ముట్టుకోకండి. ఆర్‌సీసీబీని మాటిమాటికీ పైకి లేపి ఎలాగోలా స్నానం కానిచ్చేవాళ్లని చూస్తుంటాను. దయచేసి ఆ పని చేయకండి.

గీజర్ కింది అంచు నుంచి తుప్పు రంగు నీళ్లు కారుతుంటే మాత్రం లోపలి ట్యాంకుకే చిల్లు పడింది. దానికి వెల్డింగ్ నిలవదు, ఎంసీల్ అంతకన్నా నిలవదు. అప్పుడు మార్చాల్సిందే.

ఎంత సైజు?

బకెట్ స్నానాలు చేసే నలుగురి ఇంటికి 15 లీటర్లది చాలు. 60 డిగ్రీల దాకా కాగిన 15 లీటర్లకి 25 డిగ్రీల చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల స్నానపు నీళ్లు 35 లీటర్ల దాకా వస్తాయి, అంటే దాదాపు రెండు బకెట్లు. 2 కిలోవాట్ల ఎలిమెంట్ ఆ నీళ్లని 25 నుంచి 60 డిగ్రీలకి తేవడానికి సుమారు 18 నిమిషాలు తీసుకుంటుంది, కరెంటు 0.6 యూనిట్ పైచిలుకు ఖర్చవుతుంది. షవర్ కింద ఎక్కువసేపు నిలబడేవాళ్లుంటే 25 లీటర్లది చూసుకోండి. 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ వంటింటి సింక్‌కి సరిపోతుంది. 3 కిలోవాట్లు లాగినా నిమిషానికి మూడు లీటర్లకు మించి గోరువెచ్చని నీళ్లు ఇవ్వలేదు, అందుకే దాన్ని స్నానానికి పెట్టమని నేను ఎవరికీ చెప్పను. గ్యాస్ గీజర్‌ని మూసి ఉన్న బాత్రూమ్ లోపల అసలు పెట్టను. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషి స్పృహ తప్పేదాకా తెలియదు.

కొనేటప్పుడు ఐఎస్ 2082 నంబరుతో ఐఎస్‌ఐ ముద్ర ఉందో లేదో చూడండి. తర్వాత ఎన్ని బార్ల ఒత్తిడికి తయారైందో చూడండి. పది మీటర్ల ఎత్తు నీళ్లు సుమారు ఒక బార్. రెండంతస్తుల సొంతింట్లో ఇది ఇబ్బందే కాదు. పది పన్నెండు అంతస్తుల అపార్ట్‌మెంట్‌లో కింద ఉన్నా, ప్రెషర్ పంపు ఉన్నా 8 బార్లది తీసుకోండి. స్టార్ లేబుల్ చెప్పేది కాగిన నీళ్లు ఊరికే ఉన్నప్పుడు ఎంత వేడి పోగొట్టుకుంటాయో. పొద్దున అరగంట వేసి ఆపేసే ఇంటికి దాని వల్ల తేడా కొంచెమే. రోజంతా ఆన్‌లో ఉంచేవాళ్లకే ఎక్కువ స్టార్లతో లాభం.

ఎర్త్

దీని దగ్గర నేను రాజీపడను. సాకెట్‌లో మూడు రంధ్రాలు ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. పాత ఇళ్లలో పై రంధ్రానికి వైరే ఉండదు. అంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. ఎర్త్ వైరు లాగడానికి బద్ధకించి, సాకెట్ లోపలే న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) నుంచి చిన్న ముక్క తెచ్చి ఎర్త్ పిన్నుకి కలిపేస్తారు. ఆ ఇంట్లో ఎప్పుడైనా న్యూట్రల్ వైరు తెగితే, ఎలిమెంట్ గుండా వచ్చిన ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు) కరెంటు ఆ ముక్క ద్వారా తిన్నగా గీజర్ బాడీకి చేరుతుంది, అక్కణ్నుంచి ఇనుప కనెక్షన్ పైపుకి, కుళాయికి. తడి ఒంటితో దాన్ని పట్టుకున్న మనిషి బతకడం కష్టం.

ఈ దొంగ ఎర్త్‌ని వోల్టులు కొలిచే మీటరుతో పట్టుకోలేం. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 వోల్టులే చూపిస్తుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. అందుకే మెయిన్ ఆపి, సాకెట్ ప్లేట్ విప్పి కళ్లతో చూడాలి. ఎర్త్ పిన్నుకి ఆకుపచ్చ వైరు వేరుగా వచ్చి, అది డీబీ బాక్స్ (ఇంటి మెయిన్ స్విచ్‌లుండే పెట్టె) లోని ఎర్త్ పట్టీ దాకా వెళ్లాలి. ఆ పట్టీ నుంచి బయట ఎర్త్ గుంత దాకా తీగ తెగకుండా ఉందా అని కూడా చూస్తాను. తర్వాత ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల పాతకాలపు బల్బు పెట్టి చూస్తాను. ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో అది వెంటనే పడిపోవాలి. అది లేని ఇంట్లో బల్బు నిండుగా వెలగాలి, మసకగా వెలిగితే ఎర్త్ బలహీనం. ఈ బల్బు పరీక్ష ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. ఎర్త్ సరిగా లేకపోతే ఆ క్షణంలో ఫ్రిజ్, మోటారు బాడీలకి కూడా కరెంటు రావచ్చు. ఇంట్లోవాళ్లని దూరంగా ఉండమనే మొదలుపెడతాను.

ఎర్త్ ఉన్నా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించండి. ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) వైరుని కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. దాని మీదున్న టెస్ట్ బటన్‌ని నెలకోసారి నొక్కి, పడిపోతుందో లేదో చూసుకోండి.

2 కిలోవాట్ల గీజర్ 9 ఆంపియర్ల దాకా లాగుతుంది. దానికి డీబీ నుంచి నేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ విడిగా ఉండాలి. దూరం ఎక్కువున్నా, 3 కిలోవాట్లదైనా నేను 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగుతాను. లైట్ల బోర్డు నుంచి తీసిన సన్న వైరు మీద గీజర్ వేస్తే ప్రమాదం సాకెట్ నల్లబడటంతో మొదలవుతుంది. స్విచ్ బాత్రూమ్ బయట, ఇండికేటర్‌తో, ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒకేసారి తెగేదిగా ఉండాలి.

పాతది దించడం

ముందు రోజు రాత్రి నుంచే గీజర్ ఆపేయండి, లోపలి నీళ్లు చల్లారాలి. ఎంసీబీ దించి, టెస్టర్‌ని పనిచేసే సాకెట్‌లో ఒకసారి చూసుకుని, తర్వాత గీజర్ వైర్ల దగ్గర పెట్టి, వెలగట్లేదని చూసుకోండి. చన్నీళ్ల కుళాయి కట్టి, వేడినీళ్ల కుళాయి తిప్పి ఒత్తిడి వదలండి. వేడినీళ్ల పైపు ముందు విప్పితే లోపలికి గాలి వెళ్తుంది. తర్వాత నీలం గుర్తున్న వైపు వాల్వ్ విప్పితే ట్యాంకు కిందికి ఖాళీ అవుతుంది. రెండు బకెట్లు సిద్ధంగా పెట్టుకోండి. ఖాళీ అయినా గార వల్ల పాత గీజర్ అనుకున్నదానికన్నా బరువుంటుంది. ఒక్కరే దించకండి.

గోడ, పైపులు

నీళ్లు నిండిన 15 లీటర్ల గీజర్ పాతిక కిలోలు తూగుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ అయితే యాంకర్ బోల్టులు బాగా పట్టుకుంటాయి. నాలుగున్నర అంగుళాల గోడలో రంధ్రం ఇటుక మధ్యలో పడాలి, సిమెంటు అతుకులో పడకూడదు. తేలిక బ్లాకుల గోడకి మామూలు బోల్టులు నిలవవు. అవతలి వైపు ఇనుప పట్టీ వేసి, గోడ గుండా బోల్టులు దింపుతాం. బోల్టులు బిగించాక ఆ బ్రాకెట్‌ని రెండు చేతులతో పట్టుకుని వేలాడినట్టు లాగి చూసి, కదలకపోతేనే గీజర్ తగిలిస్తాం.

షవర్‌కి సరిగ్గా పైన పెట్టకండి. నిలువుగా పెట్టేదాన్ని అడ్డంగా తిప్పకండి. కింద ఎలిమెంట్ బయటికి తీయడానికి జానెడు కన్నా ఎక్కువ ఖాళీ వదలండి. ఫాల్స్ సీలింగ్ లోపల దాచేయమని అడుగుతుంటారు, చూడ్డానికి అందంగానే ఉంటుంది, కానీ లీకైతే సీలింగ్ తడిసి ఊడేదాకా ఎవరికీ తెలియదు.

వేడినీళ్ల పైపు సీపీవీసీదే కావాలి, తెల్లటి యూపీవీసీ ఆ వేడికి మెత్తబడిపోతుంది. మరల మీద టెఫ్లాన్ టేపుని మర బిగిసే దిశలోనే చుట్టాలి. కనెక్షన్ పైపు నట్టులో రబ్బరు వాషర్ ఉంటే టేపు అక్కర్లేదు. చేత్తో బిగించి, స్పానర్‌తో పావు తిప్పు చాలు. అంతకంటే బిగిస్తే వాషర్ నలిగి అక్కడే కారుతుంది. సీపీవీసీకి సొల్యూషన్ పెట్టి అతికిస్తే, డబ్బా మీద రాసినంత సేపు ఆగాకే నీళ్లు వదలండి.

సేఫ్టీ వాల్వ్

డబ్బాలో చిన్న ఇత్తడి వాల్వ్ ఒకటి వస్తుంది. చన్నీళ్లు లోపలికి వెళ్లే చోట, బాణం గుర్తు గీజర్ వైపు ఉండేలా బిగించాలి. అది రెండు పనులు చేస్తుంది. మేడ మీది ట్యాంకు ఖాళీ అయినా గీజర్‌లోని నీళ్లు వెనక్కి పోకుండా ఆపుతుంది, లోపల ఒత్తిడి మితిమీరితే బయటికి వదులుతుంది. దానికీ గీజర్‌కీ మధ్య ఇంకో కుళాయి పెట్టకూడదు.

గీజర్ పెట్టిన వారానికి ఫోన్ వస్తుంది, "అన్నా, కొత్తదే కదా, వేసినప్పుడల్లా బొట్లుబొట్లుగ కారుతుంది" అని. అది లీకు కాదు. 15 లీటర్లు 25 నుంచి 60 డిగ్రీలకి వేడెక్కితే సుమారు 200 మిల్లీలీటర్లు వ్యాకోచిస్తాయి. వెనక్కి పోవడానికి దారి లేదు కాబట్టి ఆ నీళ్లే వాల్వ్ పక్క రంధ్రం నుంచి కారుతాయి. ఒక సన్న గొట్టం తగిలించి నేల జాలీ వైపు వదిలేయండి, చాలు. ఆ బొట్లు నచ్చక రంధ్రానికి ఎంసీల్ పూసేసిన ఇళ్లకి వెళ్లాను. కుక్కర్ వెయిట్ మీద రాయి పెట్టి పొయ్యి మీద వదిలేయడం లాంటిది ఆ పని. థర్మోస్టాట్, కటౌట్ (వేడి మితిమీరితే కరెంటు ఆపేది) రెండూ చెడిపోయిన రోజున ఆ ట్యాంకు పేలుతుంది. గీజర్ ఆపి ఉన్నప్పుడు కూడా ఆగకుండా కారుతుంటే మాత్రం వాల్వ్‌లో ఇసుక చేరి ఉండాలి, లేదా నీళ్ల ఒత్తిడి ఎక్కువై ఉండాలి. అప్పుడు చూపించండి.

నీళ్లు నింపాకే స్విచ్

చన్నీళ్లు వదిలి, వేడినీళ్ల కుళాయి తిప్పి ఉంచండి. మొదట గాలి ఉఫ్ ఉఫ్‌మని వస్తుంది. ధార తెగకుండా సాఫీగా వచ్చేదాకా ఆగండి. ప్రతి అతుకునీ పొడి టిష్యూతో తుడిచి చూడండి, చెమ్మ తగిలితే తెలిసిపోతుంది. అప్పుడే స్విచ్. ఖాళీ ట్యాంకులో వేస్తే ఎలిమెంట్ నిమిషాల్లో కాలిపోతుంది, వారంటీ కూడా వర్తించదు. మొదటిసారి ఇండికేటర్ ఆరిపోయేదాకా దగ్గరే ఉండి, ప్లగ్ టాప్ మరీ వేడెక్కుతోందేమో చేత్తో తాకి చూడండి.

స్నానానికి ముందు గీజర్ ఆపేయమని మన పెద్దవాళ్లు చెబుతారు. ఎర్త్, ఆర్‌సీసీబీ బాగున్న ఇంట్లో అవసరం లేకపోయినా ఆ అలవాటు నాకు ఇష్టమే, మా ఇంట్లో ఇప్పటికీ అదే పద్ధతి. థర్మోస్టాట్ తిప్పుకునే వీలుంటే 55 దగ్గర పెట్టుకోండి, వేడి ఎంత పెరిగితే గార అంత త్వరగా కడుతుంది.

ఇంకొక్క పని ఉంది, దీని గురించి షాపులో ఎవరూ చెప్పరు. ట్యాంకు లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, దాన్ని ఆనోడ్ అంటారు. తుప్పు ముందు దాన్ని తింటుంది, అది ఉన్నంతకాలం ట్యాంకు జోలికి రాదు. అది అరిగిపోయాకే ట్యాంకుకి చిల్లులు పడతాయి. బోరు నీళ్లయితే ఏడాదికోసారి విప్పించి చూడండి. సగానికి పైగా అరిగిపోయి లోపలి తీగ కనిపిస్తుంటే మార్చేయండి. కొత్త గీజర్ ధరతో పోలిస్తే ఆ కడ్డీ ధర చాలా తక్కువ. సర్వీస్ మనిషి వచ్చినప్పుడు "ఆనోడ్ తీసి నాకు చూపించు" అని మీరే అడగండి, గార తీయడం కూడా అదే రోజు అయిపోతుంది.