అటక మీద తుపాకీ దొరికితే ముందు వెదురు పుల్ల తెచ్చుకోండి

మా అబ్బాయి ఫోన్లో పాన్ స్టార్స్ క్లిప్పులు తెగ చూస్తాడు. లాస్ వేగాస్‌లో ఒక తాకట్టు కొట్టు, 2009లో మొదలైన షో. ఎవరో తాతగారి తుపాకీ దుప్పట్లో చుట్టి తెస్తారు, ఓనరు రిక్ హారిసన్ తెలిసినాయన్ని పిలిపిస్తాడు, తర్వాత బేరం. పది నిమిషాల్లో డబ్బు చేతిలో పడుతుంది.

పోయిన వేసవిలో అలాంటిది మాకూ ఒకటి తగిలింది. బెంగళూరు హలసూరులో మా అత్తగారి పాత ఇల్లు పడగొట్టేముందు అటక ఖాళీ చేస్తున్నాం. రెండు దూలాల మధ్య గోనెగుడ్డ చుట్టిన కర్ర ఒకటి అడ్డంగా కట్టి ఉండేది. ముప్పై ఏళ్లుగా మా అత్తమ్మ దానికి ఉల్లిపాయల బుట్ట వేలాడదీసేది. గుడ్డ విప్పితే నిలువెత్తు తుపాకీ. మా బావమరిది అప్పుడే, "బావా, ఇది కోటికి తక్కువ పోదు" అన్నాడు.

నేను పీణ్యలో టూల్‌రూమ్ ఫిట్టర్ని. ఇరవై రెండేళ్ల సర్వీసు. తుపాకుల గురించి ఏమీ తెలియకపోయినా ఇనుము గురించి తెలుసు. మీ ఇంట్లోనూ ఇలాంటిది బయటపడితే ఏం చేయాలో, నేను చేసిన తప్పుతో సహా చెబుతాను.

తప్పుతోనే మొదలుపెడతా. తుప్పు చూస్తే నా చెయ్యి ఊరుకోదు. ఆ సాయంత్రమే తుపాకీ ఒళ్లో పెట్టుకుని, ట్రిగ్గర్ పైనుండే ఇనుప పలక మీద ఎమరీ పేపరు వేశాను. లాక్ అంటారు దాన్ని. కాసేపటికి నిలబడ్డ సింహం బొమ్మ తేలింది, ముందు కాళ్లతో కిరీటం పట్టుకుని. సంబరపడి ఇంకో నాలుగు రుద్దులు రుద్దాను. సింహం తల పోయింది. 1808 తర్వాత ఈస్టిండియా కంపెనీ తన తుపాకుల మీద కొట్టించిన ముద్ర అది. అంతకుముందు నాలుగు గళ్ల హృదయం గుర్తు ఉండేది. కొనేవాడు మొదట వెతికేది ఆ గుర్తునే. కాబట్టి ఎమరీ వద్దు, బ్రాసో వద్దు, చింతపండు అసలే వద్దు. రెండొందల ఏళ్లు పట్టి వచ్చిన నలుపు అది, ఉండనివ్వండి.

ఇక వెదురు పుల్ల. ఈ పాత తుపాకులకు మందు, గుండు మూతి దగ్గర్నుంచే దట్టిస్తారు. లోపల ఉందో లేదో బయటికి కనబడదు. ఆ తుపాకీ మందు తడి తగలకపోతే వందేళ్లయినా అంటుకుంటుంది. అందుకని మూతి ఎవరి వైపూ లేకుండా, గోడ వైపు తిప్పి బల్ల మీద పడుకోబెట్టండి. కుక్కను, అంటే ట్రిగ్గర్ నొక్కితే వచ్చి కొట్టే ఇనుప ముక్కను, లాగొద్దు, ట్రిగ్గర్ ముట్టొద్దు, దగ్గర్లో పొయ్యి, అగరొత్తి, సిగరెట్ ఉండకూడదు. మీరు పక్కకు నిలబడి సన్న వెదురు పుల్లను మెల్లగా లోపలికి జార్చండి. ఇనుప కడ్డీ పనికిరాదు, నిప్పురవ్వ లేస్తుంది. ఎక్కడ ఆగితే అక్కడ వదిలేయాలి, పొడవకూడదు. మూతి దగ్గర పుల్ల మీద పెన్సిల్‌తో గీత పెట్టి బయటికి తీయండి. ఆ పుల్లనే గొట్టం పక్కన బయట పెట్టి చూడండి. ఖాళీ గొట్టమైతే పుల్ల కొన, కుక్క కొట్టే చోటుండే సన్న రంధ్రం దాకా వస్తుంది.

మాది తొమ్మిది సెంటీమీటర్ల ముందే ఆగిపోయింది.

అంటే లోడైన తుపాకీని ఒళ్లో పెట్టుకుని ఎమరీ రుద్దానన్నమాట. మా అత్తమ్మ దాని కింద ముప్పై ఏళ్లు ఉల్లిపాయలు తరిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇలా తేలితే ఇంకేమీ ముట్టుకోకండి. యూట్యూబ్ చూసి నీళ్లు పోయడం, స్క్రూ దించి లాగడం మన పని కాదు. ఆ గదికి తాళం వేసి, ఫోన్లో తీసిన ఫోటోలతో స్టేషన్‌కు వెళ్లండి, లేదా 112కు ఫోన్ చేయండి. తుపాకీని స్కూటర్ మీద పెట్టుకుని మాత్రం వెళ్లకండి. నన్ను మూడు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి, నాలుగుసార్లు ఒకే ప్రశ్న అడిగారు. అయినా సరే, మనమే ముందు వెళ్లి చెప్పడం వేరు, వాళ్లొచ్చి పట్టుకోవడం వేరు. ఆయుధాలు చూసే వాళ్ల ఆర్మరర్ వచ్చి ఖాళీ చేస్తే కొబ్బరి పీచు, చిన్న సీసం గుళ్లు, గుప్పెడు తుపాకీ మందు రాలాయి. మందు ఇంకా పొడిగానే ఉంది.

ఖాళీ అయ్యాక, వాళ్ల అనుమతితో, నా వెర్నియర్ కొలబద్ద బయటికి తీశాను. మూతి లోపలి కొలత 19 మిల్లీమీటర్లు, గొట్టం 39 అంగుళాలు, లోపల గాళ్లు, అంటే గుండును తిప్పే మెలి గాడులు, లేవు. కంపెనీ సిపాయిల చేతుల్లో తిరిగిన బ్రౌన్ బెస్ అనే తుపాకీ కొలతలివి, చెకుముకి రాయితో పేలే రకం. అదే 39 అంగుళాల గొట్టం ఉండి, మూతి 14.7 మిల్లీమీటర్ల దగ్గర, లోపల మూడు గాళ్లు, గొట్టాన్ని కట్టెకు బిగిస్తూ మూడు ఇనుప పట్టీలు కనిపిస్తే అది 1853 ఎన్‌ఫీల్డ్ రైఫిల్. 1857లో కొవ్వు తూటాల గొడవ వచ్చింది దానితోనే. దానికి రాయి ఉండదు, కుక్క కింద చిన్న రాగి టోపీ పెడతారు.

నకిలీలు బోలెడు. నాకు దొరికిన సులువైన ఆధారం స్క్రూలు. పాత లాకుల్లో ఒక్కో స్క్రూ చేత్తో చేసినది, ఒకదాని చోట ఇంకోటి ఎక్కదు. అందుకే కలిసిపోకుండా ఆకురాయితో చిన్న గాట్లు పెట్టేవాళ్లు, మేం జత భాగాలకు పంచ్ చుక్కలు పెట్టినట్టే. స్క్రూ మీద మెట్రిక్ మర ఎక్కితే, తలలో ప్లస్ గాడి ఉంటే ఇక చూడక్కర్లేదు. అక్షరాలు కూడా చదవండి. ఖైబర్ లాంటి సరిహద్దు కనుమల్లో చేసిన కాపీల మీద ఇంగ్లీషు ఎన్ అక్షరం చాలాసార్లు తిరగబడి ఉంటుంది. కిరీటం కింద విక్టోరియా పేరు పొడి అక్షరాలుండి, సంవత్సరం 1837 కంటే ముందుదైతే నవ్వుకోండి. ఆవిడ అప్పటికి రాణే కాదు.

ఇప్పుడు మా బావమరిది కోటి సంగతి. టీవీలో తరచూ 1898 అనే మాట వస్తుంది. ఆ ఏడాదీ, అంతకుముందూ తయారైనవి అమెరికా 1968 చట్టం ప్రకారం పురాతన వస్తువులు, మామూలు తుపాకీ నిబంధనలు వాటికి వర్తించవు. అందుకే ఆ కొట్టువాళ్లు అవే కొంటారు. మనకిక్కడ ఆ లెక్క లేదు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ పాతకాలపు తుపాకులకు మినహాయింపు ఇస్తుంది గానీ, మరమ్మతు చేసినా సరే పేలనిదై ఉండాలి. గొట్టం బాగుంటే, కుక్క పడుతుంటే, ఎంత పాతదైనా లైసెన్సు కావాల్సిందే. వారసత్వంగా వచ్చినా లైసెన్సు మన పేరుకు మారాలి, 2019 సవరణ తర్వాత మొత్తం మీద రెండుకు మించకూడదు. మా షాపులో కొడగు అతనొకడు, "మాకు లైసెన్సే అక్కర్లేదు" అంటాడు. నిజమే, కొడవలకు 2029 దాకా ఆ మినహాయింపు ఉంది. మనకు లేదు.

విదేశీ వేలానికి పంపుదామన్నాడు బావమరిది. వందేళ్లు దాటిన వస్తువు కాబట్టి 1972 పురావస్తువుల చట్టం కింద ప్రైవేటు మనిషి దేశం దాటించకూడదు. "మరి టిప్పు కత్తి లండన్‌లో 1.4 కోట్ల పౌండ్లకు పోయింది కదా?" 2023 సంగతి అది. ఆ కత్తి 1799లోనే శ్రీరంగపట్నం నుంచి వెళ్లిపోయింది. బెయిర్డ్ అనే బ్రిటిష్ జనరల్‌కు బహుమతిగా ఇచ్చినట్టు రాతపూర్వక ఆధారం ఉంది. ధర పలికింది ఆ ఆధారానికి కూడా. మా దగ్గరున్న ఆధారం అత్తమ్మ మాట: "మా మామగారు ఎవరి దగ్గరో అప్పు కింద తీసుకున్నారట."

అందుకే ఇంట్లో పెద్దవాళ్లుంటే తుపాకీ కంటే ముందు వాళ్లను కూర్చోబెట్టి రాసుకోండి. ఎవరిచ్చారు, ఏ ఊళ్లో, అప్పుడు వాళ్లేం పని చేసేవారు. పాత ఫోటోలు, పన్ను రసీదులు, లైసెన్సు ముక్క ఏది దొరికినా తుపాకీ ఫోటోలతో పాటు ఒకే కవర్లో పెట్టండి.

మాది ఇప్పుడు స్టేషన్లో డిపాజిట్‌లో ఉంది. రసీదు మీద నంబరు, కొలతలు, "సింహం గుర్తు, అస్పష్టం" అని రాయించాను. అస్పష్టం ఎందుకయ్యిందో వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. కొత్త ఫ్లాట్‌లో అత్తమ్మకు ఉల్లిపాయల బుట్టకని స్టీల్ కొక్కెం కొట్టాను. అది గట్టిగా లేదంటుంది.