ఆరుబయట బొమ్మలు, 5వ పాఠం: కోతలయ్యాక పొలం (ముందు పోయినసారి పచ్చ సంగతి)

ఈసారి పాఠమంతా కోతలయ్యాక మిగిలే పొలం మీదే అనుకున్నాను. కానీ 4వ పాఠంలో ఇచ్చిన వానాకాలం పొలానికి మీరు నీటిరంగుల్లో వేసిన బొమ్మలు చూశాక ఈ పాఠంలో సగం పక్కన పెట్టక తప్పలేదు. దాదాపు అన్నిట్లోనూ ఒకటే ఇబ్బంది. మన కాళ్ళ దగ్గర పైరుదీ అదే పచ్చ, చివరి గట్టు దగ్గర పైరుదీ అదే పచ్చ, వెనక చెట్లదీ అదే, మొత్తం ఒక దుప్పటి పరిచినట్టు. ఇది సర్దుకోకుండా ఎండిన పొలంలోకి దిగితే అక్కడా ఒకే పసుపు పూసి వస్తారు.

ట్యూబులో వచ్చే పచ్చ వద్దన్నాను, చాలామంది మాట విన్నారు, అల్ట్రామెరీన్ నీలంలో లెమన్ ఎల్లో కలిపారు. బాగుంది. అయితే ఒకేసారి బోలెడు కలిపి పెట్టుకుని, అదే బ్రష్షుతో అంచు నుంచి అంచు దాకా లాగేశారు. పచ్చ అక్కడే చచ్చిపోయింది.

గట్టు మీద కూర్చుని ఒక్క ఆకు తెంపి చూడండి. సూర్యుడికి అడ్డంగా ఎత్తి పట్టుకుంటే వెలుగు ఆకులోంచి దూసుకొస్తుంది, అప్పుడది దాదాపు పసుపు. ఇప్పుడు సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని అదే ఆకు చూడండి, కాస్త మట్టి కలిసినట్టుండే మామూలు పచ్చ. మెల్లగా పక్కకు వంచుతూ పోతే ఒక కోణంలో ఆకాశం దాని మీద మెరుస్తుంది, పచ్చ మొత్తం పోయి లేత నీలం తిరిగిన తెలుపు మిగులుతుంది. ఉన్నది ఒకే ఆకు. పొలంలో అలాంటివి లక్షల్లో ఉంటాయి కాబట్టి మీరు ఎటు తిరిగి కూర్చున్నారన్నదే పొలం రంగు తేలుస్తుంది. ఎండకు ఎదురుగా కూర్చుంటే లెమన్ ఎల్లో ఎక్కువ పోవాలి. ఎండ వెనక ఉంటే అదే మిశ్రమంలో చిటికెడు బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టిలాంటి గోధుమ రంగు) పడాలి. మబ్బు పట్టిన రోజు ఆకుల పైభాగాలకు నీళ్ళు ఎక్కువ, పసుపు తక్కువ.

దూరం విషయంలో ఇంకో తేడా ఉంది. దూరం పోయేకొద్దీ పచ్చలో ముందు పసుపు తగ్గుతుంది, నీలం మిగులుతుంది, ఇది తెలిసిందే. అయితే గట్టి వాన కురిసి వెలిసిన గంటలో గాలిలో దుమ్ము ఉండదు. దూరపు గుట్టలు ముదురుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా కనిపిస్తాయి. అప్పుడు కూడా లేత నీలం పూస్తే అది వాన వెలిసిన పొలం కాదు. ఎండాకాలం దీనికి తిరగబడుతుంది, దుమ్ము వల్ల దూరం పాలిపోయి కాస్త వెచ్చటి రంగు కూడా పట్టుకుంటుంది. ఏ ఋతువైనా నేను ముందు గాలిని చూస్తాను, ఆకుల్ని తర్వాత చూస్తాను.

పేపరు అతికించడం, పెన్సిల్ గీతలు, ఆకాశం వాష్ (నీళ్ళగా, పల్చగా పరిచే రంగు పూత) మళ్ళీ చెప్పను, అవి మీకు వచ్చేశాయి.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే విషయం. నీడల వెంట పరిగెత్తడం. మీ బొమ్మల్లో కొన్నిట్లో చెట్టు నీడ ఎడమకు పడుతోంది, గుడిసె నీడ మన వైపుకు వస్తోంది, గట్టు నీడ అసలు లేదు. ఎందుకో తెలుసు. చెట్టు ఎనిమిదింటికి వేశారు, గుడిసె పదింటికి, గట్టు దగ్గరికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీలు కదులుతాడు. పొద్దున సూర్యుడు 15 డిగ్రీల ఎత్తులో ఉంటే 10 మీటర్ల చెట్టు నీడ 37 మీటర్లు ఉంటుంది. 30 డిగ్రీలకు ఎక్కేసరికి అదే నీడ 17 మీటర్లకు వచ్చేస్తుంది. సూర్యుడు నిటారుగా ఎక్కే చోట ఈ తేడాకు గంట చాలు. 45 డిగ్రీలకు వస్తే చెట్టు ఎంతో నీడా అంతే. ఆ గంటలో మీరు ఆకులు ఒక్కొక్కటే చెక్కుతూ కూర్చుంటే మీ ముందున్న పొలం, మీ చేతి కింది బొమ్మ వేరైపోయినట్టే.

కాబట్టి కూర్చున్న మొదటి ఐదు నిమిషాల్లో నీడలన్నీ ఒకే రంగుతో, ఒకే తడితో పెట్టెయ్యండి. చెట్టు, గుడిసె, గట్టు, మనిషి ఉంటే మనిషి, అన్నీ కలిసిపోయినా ఫర్వాలేదు. ఆ తర్వాత నీడ కదిలినా మీరు కదపొద్దు. "ఇప్పుడు ఇంకా బాగుంది సార్" అంటారు. బాగుంటుంది, నిజమే, దానికి ఇంకో పేపరు తియ్యండి. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1890-91లో గడ్డివాముల్ని దాదాపు 25 కాన్వాసుల మీద వేశాడు, వెలుగు మారితే చేతిలోది పక్కన పెట్టి ఆ వెలుగుకు తగిన కాన్వాసు అందుకునేవాడు. ఆయనకు చాలా ముందు, 1800లోనే వలాన్సియెన్ అనే ఫ్రెంచి చిత్రకారుడు ఆరుబయట ఏ అధ్యయనమూ రెండు గంటలు దాటకూడదని, సూర్యోదయం, సూర్యాస్తమయం అయితే అరగంటే అని రాశాడు. నీటిరంగులకు రెండు గంటలు కూడా ఎక్కువే అంటాను నేను, నలభై నిమిషాలు దాటితే లేచి రండి. మిగిలింది ఫోన్‌లో ఫొటో తీసుకుని ఇంట్లో పూర్తి చేద్దామనుకోవద్దు, ఫొటోలో నీడలు నల్లబడతాయి, వాటిలో మీ కళ్ళకు కనిపించిన నీలం అందులో ఉండదు.

పేపరు మీద నేరుగా ఎండ పడనివ్వకండి. ఎండలో తెల్ల పేపరు మెరిసిపోతుంది, అందుకే తెలియకుండానే రంగు చిక్కగా వేస్తారు, ఇంటికి తెచ్చి చూస్తే బొమ్మ చీకటిగా ఉంటుంది.

సరే, కోసిన పొలం. ఇక్కడ రంగు తక్కువ, టోన్ (ఏది లేత, ఏది ముదురు అన్న తేడా) ఎక్కువ. కళ్ళు సగం మూసి చూడండి. మామూలుగా ఆకాశం అన్నిటికన్నా లేత, తర్వాత చదునైన నేల, తర్వాత వాలు, నిలబడ్డ చెట్లు అన్నిటికన్నా ముదురు. వెనక నల్లమబ్బు ఉండి కొయ్యకాళ్ళ (కోశాక మిగిలిన మోళ్ళ) మీద ఎండ పడితే మాత్రం ఇది తిరగబడుతుంది, నేల ఆకాశం కన్నా తెల్లగా వెలుగుతుంది. ఆ పది నిమిషాలు దొరికితే వదలకండి. నేలకు ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) పల్చగా చాలు. బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరీన్ కలిపిన బూడిద రంగు నా పాలెట్‌లో ఒక మూల ఎప్పుడూ ఉంటుంది, నల్ల ట్యూబు నేను కొననే కొనను. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు ఎండు నేల మీద నీడల్లోకి నీలం దిగుతుంది కాబట్టి ఆ బూడిదలో అల్ట్రామెరీన్ ఒక పాలు పెంచండి. కొయ్యకాళ్ళు ముందు వరసలోనే నాలుగు గీతలు పొడి బ్రష్షుతో లాగండి, వెనకవి చూసేవాళ్ళు వాళ్ళే ఊహించుకుంటారు.

పొడి వేడిలో వాష్ మధ్యలోనే ఆరిపోయి అంచులు కడుతుంది. పేపరు వెనక వైపు కూడా తడపండి, రంగు అవసరానికి రెండింతలు ముందే కలిపి పెట్టుకోండి. ఆరాక రంగు లేతబడిపోతుంది, ఆ మాట మర్చిపోయి పల్చగా వేసినవాళ్ళు పోయినసారి చాలామందే ఉన్నారు.

అభ్యాసం. ఒకే చోట, ఒకే వైపు తిరిగి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు బొమ్మలు, అరచేయంత సైజు, ఒక్కోటి ఇరవై నిమిషాలు, పెన్సిల్ లేకుండా. ఇలా ఏడు రోజులు వరసగా వెళ్ళాలి, మబ్బు పట్టినా సరే. ప్రతి బొమ్మ వెనక తేదీ, టైము, గాలి ఎటు వీస్తోంది రాయండి. ఇంగ్లీషు చిత్రకారుడు జాన్ కానిస్టబుల్ 1821, 1822ల్లో మేఘాలు వేసినప్పుడు ఇలాగే రాసుకునేవాడు. కష్టమే, తెలుసు. ఇరవై ఒక్క బొమ్మలూ నేల మీద పరిచి, వెనక రాసింది చూడకుండా పొద్దున వేసినవి ఏవో, సాయంత్రం వేసినవి ఏవో వేరు చెయ్యండి. గుర్తుపట్టలేనివి ఎన్ని ఉంటే అన్ని మళ్ళీ వేసి, ఆ తర్వాతే 6వ పాఠంలో పొగమంచుకు రండి.