ఆర్కిటెక్చర్ సంస్థ చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

బెజవాడలో లాభాపేక్ష లేని ఒక ఆర్కిటెక్చర్, పబ్లిక్ డిజైన్ సంస్థ చరిత్ర రాయబోతుంటే సావనీర్లను పక్కన పెట్టి, ముందు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తీయండి. 2001కి ముందు పెట్టిన సొసైటీ అయితే 1860 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, తర్వాతిదైతే 2001 రాష్ట్ర చట్టం పేరు అందులో కనిపించాలి. పాత రికార్డు వెతికేటప్పుడు కృష్ణా జిల్లా పేరుతోనే అడగండి. బెజవాడ ఇప్పుడున్న ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న.

సంస్థ పెట్టాలన్న తీర్మానం, రిజిస్ట్రేషన్, ప్రారంభోత్సవం: ఈ మూడు తేదీలూ కలిసిపోతాయి. విడివిడిగా రాయండి, ఏది ఏ కాగితంలో ఉందో పక్కనే వేయండి.

అసలు సంపద డ్రాయింగుల్లో ఉంటుంది, త్వరగా పాడయ్యేవీ అవే. చుట్టిపెట్టిన పాత ట్రేసింగ్ షీటును ఒక్కసారిగా విప్పితే మడత దగ్గర చిట్లుతుంది. కొంచెం కొంచెంగా విప్పుతూ అంచుల మీద బరువులు పెట్టి రెండు మూడు రోజులు వదిలేయండి. సెల్లోటేపు, లామినేషన్ వద్దే వద్దు. జిగురు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. అమోనియా ప్రింట్లు (అమోనియా ఆవిరితో తీసిన పాత డ్రాయింగు నకళ్లు) వెలుతురుకి వెలిసిపోతాయి, పక్కనున్న కాగితాలకూ మరక పట్టిస్తాయి, కాబట్టి వేరే ఫోల్డరులో ఉంచాలి. పెద్ద డ్రాయింగులకు వాడే ఏ0 షీటు 841×1189 మిల్లీమీటర్లు. ఫోన్ ఫొటోలో అంచులు వంగి కొలతలు తప్పుతాయి. పెద్ద స్కానర్ మీద, పక్కన స్కేలు పెట్టి, కనీసం 300 డీపీఐతో (అంగుళానికి 300 చుక్కలు) టిఫ్ అనే ఇమేజ్ ఫైలుగా తీయించండి. 1:100 నిష్పత్తి అని రాసి ఉన్నా నకలు మీద కొలవొద్దు, రాసిన అంకెలనే నమ్మండి.

పాత సభ్యులతో మాట్లాడేటప్పుడు డ్రాయింగు నకలు ముందు పెట్టండి. కట్టినదేది, కాగితం మీదే ఆగినదేది అప్పుడే తేలుతుంది.