టీమ్ వాడే టూల్స్‌ని స్లాక్‌కి కలపడం ఎలా?

స్టార్టప్‌లో నలుగురే ఉన్నప్పుడు ఎవరు ఏం చేస్తున్నారో అందరికీ తెలిసిపోతుంది. పది మంది దాటాక కోడ్ గిట్‌హబ్‌లో, పనుల జాబితా జీరాలో, కస్టమర్ల ఫిర్యాదులు ఇంకోచోట, మాటలేమో టీమ్ చాట్ యాప్ అయిన స్లాక్‌లో ఉంటాయి. ఈ టూల్స్‌ని స్లాక్‌కి కలిపితే, కబురు మనుషులున్న చోటికే వస్తుంది. కలపడానికి పట్టే టైమ్ తక్కువే. ఏది కలపాలో తేల్చుకోవడమే అసలు పని, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందు కాగితం, తర్వాతే కంప్యూటర్

మీరు వాడే టూల్స్ పేర్లన్నీ రాయండి. ఒక్కోదాని పక్కన "దీని మెసేజ్ రాగానే ఎవరు, ఏం చేయాలి?" అన్నదానికి జవాబు రాయండి. ఒక మనిషి పేరు తట్టకపోతే ఆ టూల్‌ని ఇప్పుడు కలపొద్దు.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్న విషయం. నేను పనిచేసిన ఒక టీమ్‌లో ఉత్సాహం కొద్దీ అన్నిటినీ స్లాక్‌లోని ఒకే చానెల్‌కి, అంటే ఒకే గ్రూప్ చాట్‌కి కలిపేశాం. ప్రతి కమిట్ (కోడ్‌లో సేవ్ చేసిన మార్పు), ప్రతి కామెంట్, ప్రతి మీటింగ్ రిమైండర్ అందులోకే వచ్చేవి. వారం తిరిగేసరికి ఒక్కొక్కరూ దాన్ని మ్యూట్‌లో పెట్టేశారు. తర్వాత ఒక రాత్రి సర్వర్ ఆగిపోయింది. ఆ మెసేజ్ కూడా అదే చానెల్‌కి వచ్చింది. తెల్లారి కస్టమర్ ఫోన్ చేసేదాకా మాలో ఎవరికీ తెలియదు.

అందుకే సర్వర్ అలర్ట్స్‌కి ఒకటి, కోడ్ విషయాలకు ఒకటి, కస్టమర్ ఫిర్యాదులకు ఒకటి చొప్పున విడివిడిగా చానెల్స్ పెట్టండి. స్లాక్ ఉచిత ప్లాన్‌లో 10 యాప్‌లకు మించి కలపడం కుదరదు, 90 రోజులు దాటిన మెసేజ్‌లు కనిపించవు. కాబట్టి తర్వాత కావాల్సిన రికార్డ్ అసలు టూల్‌లోనే ఉండాలి.

మొదట ఒక్క టూల్: గిట్‌హబ్

స్లాక్‌లోని యాప్‌ల విభాగంలో గిట్‌హబ్ అని వెతికి ఇన్‌స్టాల్ చేయండి. మీ కంపెనీ స్లాక్‌లో అడ్మిన్ అనుమతి తప్పనిసరి చేసి ఉంటే ముందు అది తీసుకోవాలి. ఏ రిపోజిటరీలకు (ఒక్కో ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోటు) అనుమతి ఇవ్వాలని గిట్‌హబ్ అడిగినప్పుడు 'అన్నీ' అనేయకుండా కావాల్సినవే ఎంచుకోండి.

తర్వాత కోడ్ చానెల్‌లో స్లాష్ గుర్తుతో 'గిట్‌హబ్ సబ్‌స్క్రైబ్' అనే కమాండ్, దాని పక్కన రిపోజిటరీ ఓనర్ పేరు, స్లాష్, రిపోజిటరీ పేరు టైప్ చేయండి. ప్రైవేట్ చానెల్ అయితే ముందు ఆ యాప్‌ని చానెల్‌లోకి ఇన్వైట్ చేయాలి. మామూలుగా ఇష్యూలు (సమస్యల నోట్లు), పుల్ రిక్వెస్ట్‌లు (మార్పుని అసలు కోడ్‌లో కలపమనే అడుగులు), కమిట్లు, రిలీజ్‌లు, డిప్లాయ్‌మెంట్లు (కోడ్‌ని సర్వర్‌లోకి ఎక్కించడం) అన్నీ వస్తాయి. వెంటనే 'అన్‌సబ్‌స్క్రైబ్' కమాండ్‌తో కమిట్లను తీసేయండి, చానెల్‌ని ముంచేసేవి అవే. కోడ్ రివ్యూలు వాటంతటవి రావు, వాటిని విడిగా చేర్చుకోవాలి.

సొంత ప్రోగ్రామ్ నుంచి మెసేజ్ పంపాలంటే

రాత్రి నడిచే బ్యాకప్ ఫెయిలైతే తెలియాలనుకోండి. దానికి రెడీమేడ్ యాప్ ఉండదు, వెబ్‌హుక్ వాడాలి, అంటే మీ ప్రోగ్రామ్ మెసేజ్ పంపే ఒక వెబ్ అడ్రస్. స్లాక్ డెవలపర్ సైట్‌లో కొత్త యాప్ సృష్టించి, పేరు పెట్టి, 'ఇన్‌కమింగ్ వెబ్‌హుక్స్' ఆన్ చేసి, చానెల్ ఎంచుకుంటే ఒక యూఆర్‌ఎల్ ఇస్తుంది. ఆ యూఆర్‌ఎల్‌కి మీ స్క్రిప్ట్ నుంచి 'టెక్స్ట్' అనే ఒక్క ఫీల్డ్ ఉన్న జేసన్‌ని (ప్రోగ్రామ్‌లు సమాచారం పంపుకునే ఒక ఫార్మాట్) పోస్ట్ చేస్తే చాలు. మెసేజ్ చేరితే 'ఓకే' అని జవాబు వస్తుంది. సెకనుకి ఒకటి చొప్పున పంపొచ్చు. అంతకన్నా ఎక్కువ పంపుతూ పోతే 429 ఎర్రర్ (రిక్వెస్ట్‌లు మరీ ఎక్కువయ్యాయని) వస్తుంది.

ఆ యూఆర్‌ఎల్‌ని పాస్‌వర్డ్‌లాగే చూసుకోండి. అది ఎవరి చేతికి దొరికినా మీ చానెల్‌లో వాళ్లు మెసేజ్ పెట్టగలరు. కోడ్‌లో రాయకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (కోడ్ బయట, సిస్టమ్ సెట్టింగ్‌లో పెట్టే విలువ) ఉంచండి. పొరపాటున బయటపడితే ఆలోచించకుండా పాతది తీసేసి కొత్తది తీసుకోండి.

నిజంగా చెడగొట్టి చూడండి

'హలో' అని టెస్ట్ మెసేజ్ వచ్చిందని పని అయిపోయిందనుకోవద్దు. టెస్ట్ సర్వర్‌ని కావాలనే ఆపండి. అలర్ట్ వచ్చిందా? బాధ్యత ఉన్న మనిషి ఫోన్ మోగిందా? మెసేజ్ చదివితే ఏ సర్వర్, ఎప్పుడు, ఎక్కడ చూడాలి అన్నవి తెలుస్తున్నాయా? లేకపోతే మెసేజ్‌లోని మాటలు మార్చండి, లింక్ చేర్చండి. చానెల్‌లో అందరినీ ఒకేసారి పిలిచే ట్యాగ్‌ని సర్వీస్ మొత్తం ఆగిపోయినప్పటికే దాచుకోండి.

రెండు వారాలాగి ప్రతి చానెల్‌నీ ఒకసారి పైనుంచి కిందికి చదవండి. ఎవరూ పట్టించుకోని మెసేజ్‌లను ఆపేయండి. ఏ యాప్‌ని ఎవరు కలిపారో కూడా రాసిపెట్టుకోండి. కలిపినవాళ్లు ఉద్యోగం మారి, వాళ్ల అకౌంట్ మూసేశాక కొన్ని యాప్‌లు చప్పుడు లేకుండా ఆగిపోతాయి. వాళ్లు వెళ్లే ముందే ఆ యాప్‌ని ఇంకొకరి పేరు మీద మళ్లీ కలపండి.